స్లోగా ఎత్తితేనే కండ వస్తుందా?

వెనకాల బస్సు హారన్లు వినిపిస్తుంటే ఏమీ అనుకోకండి. మా రూము అచ్యుతాపురం జంక్షన్ పక్కనే, బి షిఫ్ట్ వాళ్లని కంపెనీ బస్సులు దింపే టైముకి రికార్డింగ్ పెట్టుకున్నాను. ఇంకో టైము దొరకలేదు.

ఈ రోజు మాట్లాడేది వెయిట్స్ ఎత్తే స్పీడ్ గురించి. బరువుని మెల్లగా ఎత్తాలా, వేగంగా ఎత్తాలా, దేనికి కండ ఎక్కువ పెరుగుతుంది? చిన్న ప్రశ్నే. కానీ దీని వల్ల మా రూమ్మేట్ నాలుగు నెలలు పోగొట్టుకున్నాడు, ఇంకొంచెం ఉంటే ఆరోగ్యం కూడా పోగొట్టుకునేవాడు. అందుకే ఈ ఎపిసోడ్.

మనవాడిది శ్రీకాకుళం వైపు. ఇక్కడ సెజ్‌లో ఒక కంపెనీలో పని, షిఫ్ట్ మొత్తం నిలబడే ఉండాలి. జీతంలోంచి ఇంటికి పంపగా మిగిలిన దాంట్లో జిమ్ ఫీజు కట్టుకున్నాడు. మొదట్లో బానే చేశాడు. డంబెల్ కర్ల్స్ పది కిలోలతో పది కొట్టేవాడు. తర్వాత ఫోన్లో ఒక రీల్ చూశాడు. అందులో ఒకాయన ఒక్కో రెప్ పది సెకన్లు ఎత్తి, పది సెకన్లు దించుతున్నాడు. "కండకి కావాల్సింది టైమ్ అండర్ టెన్షన్, ఫాస్ట్‌గా ఎత్తేవాళ్లంతా వేస్ట్" అని కింద టెక్స్ట్. ఇక మనవాడు అదే పట్టుకున్నాడు. పది కిలోల డంబెల్ ఏడున్నరకి దిగింది, ఏడున్నర ఐదుకి దిగింది. చెయ్యి మండిపోతోంది కాబట్టి పని జరుగుతోందనే అనుకున్నాడు. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి టేపు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏటి బావా, అంగుళంలో పావు కూడా కదల్లేదు" అన్నాడు.

ఆ మర్నాడే జిమ్ములో తెలిసినవాడొకడు చెవిలో వేశాడట. "నీ బాడీ అంతే తమ్ముడూ, ఒక కోర్సు ఇంజెక్షన్లు వేసుకో, రెండు నెలల్లో తేడా నువ్వే చూస్తావు" అని. రేటు కూడా చెప్పాడు, మనవాడి నెల జీతంలో సగం. వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చేసి వచ్చి, అప్పుడు నన్ను అడుగుతున్నాడు, "తీసుకోవచ్చా బావా?" అని.

నేను డాక్టర్ని కాదు, కోచ్‌నీ కాదు. చాలా ఏళ్లుగా వెయిట్స్ ఎత్తుతున్నాను, దీని మీద జరిగిన రీసెర్చ్ చదువుతుంటాను, అంతే. ఆ రాత్రి రూములో కూర్చుని వాడికి చెప్పిందే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

మొదట ఆ రీల్లో నిజం ఎంత ఉందో చూద్దాం, ఎందుకంటే కొంచెం ఉంది. ఏ.వి. హిల్ అని ఇంగ్లండ్ శాస్త్రవేత్త, 1938లో కప్ప కండరాల మీద కొలిచి ఒక విషయం చెప్పాడు. కండరం ఎంత వేగంగా ముడుచుకుంటే అంత తక్కువ బలం పుట్టిస్తుంది, మెల్లగా ముడుచుకుంటే ఎక్కువ బలం పుట్టిస్తుంది. కండ లోపల చిన్న చిన్న కొక్కేల్లాంటివి ఉంటాయి, అవి పట్టుకుని లాగితేనే కండ ముడుచుకునేది. వేగంగా జరిగితే ఒక్కసారిగా పట్టుకున్న కొక్కేలు తక్కువ. మెల్లగా జరిగితే ఎక్కువ. ఆ లాగుడే, దాన్నే మెకానికల్ టెన్షన్ అంటారు, కండ పెరగడానికి ముఖ్యమైన సంకేతం.

ఇది వినగానే ఎవరికైనా అనిపిస్తుంది, మరైతే కావాలని మెల్లగా ఎత్తితే సరిపోతుంది కదా అని. ఇక్కడే తిరకాసు.

బురదలో దిగబడ్డ ట్రాక్టర్ని తోసే సీన్ మీలో చాలామంది చూసే ఉంటారు. కొంచెమే దిగబడితే ఇద్దరు తోస్తారు, మిగతావాళ్లు గట్టు మీద నిలబడి సలహాలిస్తారు. ఇద్దరూ ఎంత మెల్లగా తోసినా గట్టు మీదవాళ్లు దిగరు, అవసరం లేదు కాబట్టి. బాగా కూరుకుపోయినప్పుడో, తోసే ఇద్దరూ అలిసిపోయినప్పుడో, అప్పుడు పంచెలు పైకి కట్టి అందరూ దిగుతారు. మన మెదడు కూడా కండని అలాగే వాడుతుంది. ఒక కండలో వేల పోగులు ఉంటాయి. చిన్న బరువుకి చిన్న గుంపుల్ని పిలుస్తుంది. పెరిగే శక్తి ఎక్కువగా ఉన్న పెద్ద పోగులు గట్టు మీదే ఉంటాయి. వాటిని దింపడానికి దారులు రెండు. బరువు పెద్దదై ఉండాలి, లేదా చిన్న బరువుతోనే ఇక ఎత్తలేనంత దగ్గరికి పోవాలి.

ఐదు కిలోల డంబెల్‌ని పది సెకన్లు ఎత్తినా దానికి కావాల్సిన బలం ఐదు కిలోలకు సరిపడేంతే. స్పీడ్ తగ్గించినంత మాత్రాన డంబెల్ బరువు పెరగదు కదా.

ఇప్పుడు అసలు పాయింట్ వినండి. సెట్ చివరికొచ్చేసరికి మీరు ఎంత గట్టిగా తోసినా బార్ మెల్లగానే కదులుతుంది చూశారా, అది మీరు కావాలని చేసిన స్లో కాదు. అప్పటికి గట్టు మీదవాళ్లంతా బురదలోకి దిగిపోయారు. ప్రతి పోగూ మెల్లగా ముడుచుకుంటోంది, ప్రతి పోగు మీదా పూర్తి లాగుడు ఉంది. కండ పెంచేది ఆ స్లో. మొదటి రెప్ నుంచే మీరు నటించే స్లో వేరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రీల్లో అస్సలు తేడా తెలీదు.

సరే, ఇదంతా థియరీ. మనుషుల మీద చేసి చూశారా అంటే, చూశారు. 2015లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్, డాన్ ఆగ్‌బోర్న్, జేమ్స్ క్రీగర్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన వాటిలో సరైన పద్ధతిలో చేసిన ఎనిమిది స్టడీల్ని కలిపి లెక్క కట్టారు. అన్నిటిలోనూ సెట్ ఇక ఎత్తలేనంత వరకూ చేయించారు, కనీసం ఆరు వారాలు. తేలిందేంటంటే, ఒక రెప్ ఎత్తడం దించడం కలిపి అర సెకను పట్టినా, ఎనిమిది సెకన్లు పట్టినా, కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పది సెకన్లు దాటిన మరీ స్లో రెప్స్‌కి మాత్రం ఫలితం తక్కువగా కనిపించింది.

అర సెకను నుంచి ఎనిమిది సెకన్లు! ఎంత పెద్ద గ్యాపో చూడండి. రెండు సెకన్లా మూడు సెకన్లా అని జిమ్ముల్లో కొట్టుకునేవాళ్లంతా ఆ గ్యాప్ లోపలే కొట్టుకుంటున్నారు.

ఈ పది సెకన్ల పద్ధతి కొత్తదేమీ కాదు. 1980ల్లో అమెరికాలో కెన్ హచిన్స్ అనే ఆయన సూపర్ స్లో అని దీన్ని ప్రచారం చేశాడు. మొదట దీన్ని వాడింది ఎముకలు గుల్లబారిన పెద్ద వయసు ఆడవాళ్లతో. వాళ్లకి బరువు కుదుపు లేకుండా కదలాలి, దెబ్బ తగలకూడదు. ఆ అవసరానికి అది తెలివైన పద్ధతే. ఆ అమ్మమ్మల కోసం పెట్టింది తీసుకొచ్చి ఇరవై రెండేళ్ల కుర్రాడికి రీల్లో అంటగట్టారు.

దీంట్లో పోయేదేంటో లెక్క చూడండి. నలభై కిలోల బెంచ్ ప్రెస్ మామూలుగా పది రెప్స్ కొట్టే మనిషి అనుకుందాం. ఒక్కోటి మూడు సెకన్లు, సెట్ ముప్పై సెకన్లలో అయిపోయింది, మొత్తం ఎత్తింది నాలుగు వందల కిలోలు. అదే మనిషి పది సెకన్లు పైకి, ఐదు సెకన్లు కిందికి అంటే ముప్పై కిలోలకి దిగాలి, నాలుగు రెప్స్‌కి చేతులెత్తేస్తాడు. అరవై సెకన్లు టెన్షన్‌లో ఉన్నాడు, నిజమే, డబుల్. ఎత్తింది మాత్రం నూట ఇరవై కిలోలు. వాచీ సంతోషపడింది గానీ కండ సంతోషపడలేదు. ఇవి అర్థం కావడానికి చెప్పిన అంకెలే, మీకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

మంట సంగతి కూడా చెప్పాలి. స్లోగా చేస్తే బాగా మండుతుంది, అందుకే జనం నమ్మేస్తారు. కండ బిగిసి ఎక్కువసేపు ఉంటే రక్తం సరిగా ఆడదు, లోపల తయారైనవి బయటికి పోవు, మండుతుంది. గోడకి వీపు ఆనించి కుర్చీ వేసినట్టు రెండు నిమిషాలు కూర్చోండి, తొడలు మండిపోతాయి. స్కూల్లో మాస్టారు వేయించిన గోడకుర్చీతో ఎవరికైనా తొడలు పెరిగాయా?

మరి స్లో మొత్తం దండగేనా అంటే కాదు. జపాన్‌లో తనిమోటో, ఇషీ అనే ఇద్దరు 2006లో ఒక మంచి స్టడీ ఇచ్చారు. కుర్రాళ్లని మూడు గుంపులు చేసి పన్నెండు వారాలు కాళ్ల ఎక్సర్‌సైజ్ చేయించారు. ఒక గుంపు తాము ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం, మామూలు స్పీడ్. రెండో గుంపు 50 శాతమే, కానీ మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి, మధ్యలో కండ వదలకుండా. మూడో గుంపు అదే 50 శాతం, అన్నే రెప్స్, మామూలు స్పీడ్. మొదటి రెండు గుంపులకీ తొడ కండ దాదాపు సమానంగా పెరిగింది. మూడో గుంపుకి ఏమీ పెరగలేదు. అంటే బరువు తక్కువై, రెప్స్ కూడా తక్కువై ఉన్నప్పుడు స్లో అనేది ఆ లోటుని పూడుస్తుంది, కండని తొందరగా అలుపు దాకా తీసుకెళ్తుంది. గమనించండి, అక్కడ కూడా మూడు సెకన్లే, పది కాదు.

ఇది ఎవరికి పనికొస్తుందో నాకు బాగా తెలుసు. మన చుట్టుపక్కల ఆడపిల్లల హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా. బ్రాండిక్స్‌కి వెళ్లే అక్కాచెల్లెళ్లే వేలల్లో ఉన్నారు. షిఫ్ట్ దిగాక జిమ్‌కి పోయే వీలు అందరికీ ఉండదు. రూములో ఐదు కిలోల బియ్యం సంచి, రెండు లీటర్ల నీళ్ల సీసాలు ఉంటాయి. వాటితో స్క్వాట్స్, రోయింగ్ చేయాలంటే మూడు సెకన్లు పైకి, మూడు కిందికి, ఇక లేవలేననే దాకా చేయండి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకీ కూడా కొన్నాళ్లు స్లో మంచిదే. పెద్ద బరువులు అందుబాటులో ఉండి, ఒళ్లు బాగుండి కూడా ఐదు కిలోలతో ధ్యానం చేస్తుంటేనే నా గొడవ.

ఇప్పుడు రెండో వైపు. "అయితే ఫాస్ట్‌గా కొట్టేద్దాం" అని బార్‌ని విసిరేసేవాళ్లు. మీ జిమ్ములో కూడా ఉంటారు, నడుము ఊపి కర్ల్ కొడతారు, బెంచ్‌లో బార్ ఛాతీ మీద పడి బంతిలా పైకి లేస్తుంది. ఇది ఫాస్ట్ కాదు, దొంగలెక్క. సగం పని నడుము చేసింది, సగం ఛాతీ ఎముక చేసింది. బైసెప్స్ గట్టు మీద నిలబడి చూసింది. పైగా దించేటప్పుడు బరువుని వదిలేస్తారు. అక్కడ నష్టం ఎక్కువ.

దించడం గురించి ఒక్క నిమిషం. సింహాచలం మెట్లు ఎప్పుడైనా ఎక్కి దిగారా? ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కానీ మర్నాడు తొడలు పట్టేసి బాత్రూమ్‌కి వెళ్లడానికి ఏడుపొస్తుంది చూడండి, అది చాలావరకు దిగిన దాని వల్ల. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బ్రేక్ వేస్తుంది. కండ ముడుచుకుంటూ పుట్టించే బలం కన్నా సాగుతూ ఆపే బలం ఎక్కువ. మీరు ఎత్తలేని బరువుని కూడా మెల్లగా దించగలరు, ప్రయత్నించి చూడండి, పక్కన మనిషిని పెట్టుకుని. ఆ బ్రేక్ వేసే పనిని వదిలేస్తే ప్రతి రెప్‌లో సగం డబ్బులు పారేసినట్టే.

వెయిట్ లిఫ్టర్లు బార్‌ని కింద పడేస్తారు కదా, వాళ్లకి కండ లేదా అని మా వాడు అడిగాడు. మంచి ప్రశ్న. మన ఉత్తరాంధ్ర ఈ ఆటకి పుట్టిల్లు లాంటిది. తాలింఖానాలు, సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు, కోడి రామమూర్తి నాయుడు గారి పేరు, ఇవన్నీ వింటూ పెరిగినవాళ్లం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. యూట్యూబ్‌లో ఆ లిఫ్ట్ ఉంటే చూడండి, కన్ను మూసి తెరిచేలోగా బార్ పైకి వెళ్లిపోతుంది. స్నాచ్‌ని స్లోగా ఎత్తడం ఎవరి వల్లా కాదు, బార్ అసలు లేవదు. కానీ లిఫ్టర్ల తొడలు అలా ఉండటానికి స్నాచ్ ఒక్కటే కారణం కాదు. వెనకాల ఏళ్ల తరబడి బరువైన స్క్వాట్స్ ఉంటాయి. అవి కంట్రోల్‌గా దిగి, గట్టిగా లేచేవి. చూసేవాళ్లకి పోటీ కనిపిస్తుంది, స్క్వాట్స్ కనిపించవు.

ఇదే మాట పోలీస్ కానిస్టేబుల్‌కో ఆర్మీకో ప్రిపేర్ అయ్యే తమ్ముళ్లకి కూడా. మీకు పరుగు, లాంగ్ జంప్ ఉంటాయి. కాళ్లు వేగంగా బలం తీయడం నేర్చుకోవాలి. కండ సైజుకి స్పీడ్ పెద్దగా తేడా చేయదు గానీ, దూకడానికి, పరిగెత్తడానికి చేస్తుంది. స్లో రెప్స్ మాత్రమే చేస్తూ గ్రౌండ్‌కి వెళ్తే కాళ్లు మొద్దుగా అనిపిస్తాయి. పైకి లేచేటప్పుడు వీలైనంత వేగంగా లేవాలన్న ఉద్దేశంతో లేవండి.

మరి ఏం చేయాలి? (డంబెల్ తీసుకుని చూపిస్తూ) ఎత్తేటప్పుడు ఊపు లేకుండా, కానీ గట్టిగా. సెకను లెక్కపెట్టొద్దు, బరువు ఎంత వేగంగా వస్తే అంత. దించేటప్పుడు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపగలిగేంత కంట్రోల్. సుమారు రెండు సెకన్లు పడుతుంది, మూడైనా ఫర్వాలేదు. కింద ఒక్క క్షణం, ఎగరకుండా. మళ్లీ పైకి. అంతే. రెప్స్ ఐదా, పదా, ఇరవయ్యా అన్నది మీ బరువుని బట్టి. సెట్ ఆపేసరికి ఇంకో ఒకటి రెండు మాత్రమే మిగిలి ఉండాలి. వచ్చే వారం ఒక రెప్ ఎక్కువ, లేదా చిన్న ప్లేట్ ఎక్కువ. నాలుగు నెలల్లో బరువు తగ్గుతూ వస్తే ఏదో తప్పు జరుగుతున్నట్టే, ఎంత మండినా సరే.

నిజంగా చివరిదాకా వెళ్తున్నారో లేదో తెలుసుకోవడానికి కోచ్ అక్కర్లేదు, చేతిలో ఫోన్ ఉంది. నీళ్ల సీసాకి ఆనించి పక్క నుంచి వీడియో తీయండి. తర్వాత మొదటి రెప్ పైకి రావడానికి ఎంత పట్టిందో, ఆఖరి రెప్‌కి ఎంత పట్టిందో చూడండి. గట్టిగా తోస్తున్నా ఆఖరిది బాగా నెమ్మదించింది అంటే మీరు సరైన చోటుకి వచ్చారు. రెండూ ఒకేలా ఉన్నాయి అంటే ఇంకా నాలుగైదు మిగిలాయి, మీరు తొందరగా ఆపేశారు. అందుకే కావాలని స్లోగా చేసేవాళ్లకి ఈ టెస్ట్ పనిచేయదు. మొదటిదీ స్లోనే, ఆఖరిదీ స్లోనే, ఏది నిజమో వాళ్లకే తెలీదు. మా వాడికి జరిగిందదే. మంట రాగానే ఆపేశాడు, ఎత్తలేక కాదు.

ఇంజెక్షన్ సంగతికొస్తే, ఆ రాత్రి నేను వాడికి చెప్పింది కొంచెమే. ఆ స్టెరాయిడ్లు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. బయట నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది, వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, గుండె మీద భారం పడుతుంది. ఆపాక ఒళ్లు మామూలవ్వడానికి నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ సీసాలో నిజంగా ఏముందో అమ్మేవాడికి కూడా తెలీదు. పైగా నీకు ఉన్న సమస్య హార్మోన్ కాదు నాయనా, ఐదు కిలోల డంబెల్ అన్నాను.

తిండి కూడా అడిగాను. పొద్దున్న క్యాంటీన్ ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి సి షిఫ్ట్ ఉంటే టీ, బిస్కెట్లు. అరవై కిలోల మనిషి కండ పెంచాలంటే రోజుకి తొంభై, వంద గ్రాముల ప్రొటీన్ దాకా చూసుకుంటే మంచిది. ఇతనికి సగం కూడా అందట్లేదు. మనకి పూడిమడక పక్కనే ఉంది, చేపలు చవకగా దొరికే రోజులు ఉంటాయి. గుడ్లు ఉన్నాయి, పప్పు ఉంది, శనగలు ఉన్నాయి. ఇంజెక్షన్ డబ్బుకి ఎన్ని గుడ్లు వస్తాయో వాడితోనే లెక్క కట్టించాను. పేపర్ మీద రాసి గోడకి అంటించాడు, ఇంకా ఉంది. దీని మీద వేరే ఎపిసోడ్ చేస్తాను.

ఇది జరిగి పది వారాలైంది. వారంలో మూడు రోజులు, సి షిఫ్ట్ పడ్డ వారం రెండే రోజులు. ఏడున్నర కిలోలతో మొదలుపెట్టి ఇప్పుడు పన్నెండున్నర కిలోలతో తొమ్మిది రెప్స్ కొడుతున్నాడు, ఊపు లేకుండా, వీడియో నా దగ్గర ఉంది. టేపులో అర అంగుళానికి కొంచెం తక్కువ కదిలింది. రీల్లో పెట్టుకునేంత తేడా కాదు, చొక్కా చేతులు మాత్రం కొంచెం బిగుతయ్యాయంటాడు. ఇంజెక్షన్ వేసుకోలేదు. అడ్వాన్సు ఇచ్చిన వెయ్యి రూపాయలు అడిగితే మాత్రం ఈ వారం, వచ్చే వారం అంటున్నాడట అవతలివాడు.

సరే, బస్సు వచ్చినట్టుంది, వాడు లోపలికి వస్తే కెమెరా ముందు నిలబడి సిగ్గుపడతాడు. ఉంటాను.